తల, మెడ క్యాన్సర్‌లో ఛాతీ స్కాన్: ఎక్స్‌రే చాలా, సీటీ కావాలా, పెట్ దాకా పోవాలా?

ఈఎన్‌టీ_పీజీ
అందరికీ నమస్తే. యూనిట్‌లో రోజూ నలిగే ప్రశ్న ఇది. దవడ లోపల గానీ నాలుకకు గానీ క్యాన్సర్ అని బయాప్సీ వచ్చాక మెడకు కాంట్రాస్ట్ సీటీ అందరూ రాస్తారు. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి తలా ఒక మాట. ఒక సర్ పీఏ ఎక్స్‌రే (నిలబెట్టి వెనక నుంచి తీసేది) చాలంటారు, ఇంకొకరు ఎవరొచ్చినా సీటీయే అంటారు, బయట చూపించుకుని వచ్చేవాళ్లు పెట్-సీటీ (చురుకైన జబ్బు వెలిగి కనబడే స్కాన్) ఫైల్ చంకలో పెట్టుకునే దిగుతారు. టీ1 ఎన్0 (గడ్డ చిన్నది, మెడ గ్రంథులకు పాకనిది) నాలుకకీ, టీ4 ఎన్2 (గడ్డ ముదిరి, గ్రంథులకు పాకినది) హైపోఫారింక్స్‌కీ, అంటే గొంతు కింది భాగానికీ, ఒకటే రూల్ ఎట్లా అవుతుంది? ఇంకోటి. సీటీలో 4 మి.మీ. నాడ్యూల్ (ఊపిరితిత్తిలో చిన్న మచ్చ) అని రిపోర్ట్ వస్తే సర్జరీ ఆపాలా?

గళం_సర్జన్
ఒకటే రూల్ కాదు తమ్ముడూ. స్కాన్ రాసే ముందు, ఇందులో ఏం కనబడితే రేపటి ప్లాన్ మారుతుందో చూసుకో. ఏం కనబడినా ప్లాన్ మారదంటే ఆ స్కాన్ అక్కర్లేదు.

ఈ క్యాన్సర్ దూరం పాకితే మొదట పట్టేది ఊపిరితిత్తుల్ని. ఎముకలు, కాలేయం ఆ తర్వాత. పాకే అవకాశం ప్రైమరీ (మొదట పుట్టిన గడ్డ) ఎంత పెద్దదన్నదాని కన్నా మెడ గ్రంథులు ఎట్లా ఉన్నాయన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. రెండు వైపులా నోడ్స్ (జబ్బు పట్టిన గ్రంథులు), కాలర్ బోన్ పక్కన నాలుగో లెవెల్ నోడ్, 6 సెం.మీ. దాటిన నోడ్, కవచం చీల్చుకుని బయటికొచ్చిన నోడ్, హైపోఫారింక్స్ ప్రైమరీ, ఒకసారి ట్రీట్‌మెంట్ అయ్యాక తిరగబెట్టిన జబ్బు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఛాతీ సీటీ చూడకుండా ఓటీ లిస్ట్‌లో పేరు ఎక్కించకూడదు. దవడ ఎముక తీసి, మెడ డిసెక్షన్ చేసి, ఫ్రీ ఫ్లాప్ (ఒంట్లో వేరే చోటి నుంచి తెచ్చిన కండ) పెట్టి వచ్చేసరికి పొద్దున ఎక్కిన కేసు రాత్రికి దిగుతుంది. ఊపిరితిత్తుల్లో రెండు వైపులా జబ్బు ఉందని ఆ తర్వాత తెలిస్తే, మనిషికి మిగిలిన నెలలు కుట్లు మానడానికే సరిపోతాయి. ఎం1 (దూరం పాకింది) అని ముందే తెలిస్తే అది నాలుగో స్టేజీ సీ, దారే వేరు.

టీ1, టీ2 ఎన్0 నోటి క్యాన్సర్, పొగ అలవాటు లేదు, గుట్కా ఒక్కటే అంటే మంచి ఎక్స్‌రే చూసుకుని ముందుకెళ్లొచ్చు. టీ1 గ్లాటిక్ (స్వరతంత్రి క్యాన్సర్) కూడా అంతే. నిజమైన స్వరతంత్రి మీద లింఫ్ దారులు తక్కువ, పాకడం అరుదు.

స్లైస్_1మిమీ
సర్, చివరి వాక్యంతో మాత్రం పేచీ. గ్లాటిక్ జబ్బు పాకదు, సరే. ఆ మనిషికి గ్లాటిక్ క్యాన్సర్ తెచ్చిన బీడీ పొగ స్వరపేటిక దగ్గరే ఆగిందా? 1953లో స్లాటర్ బృందం చెప్పిన ఫీల్డ్ క్యాన్సరైజేషన్ ఇదే కదా. నోటి నుంచి శ్వాసనాళాల దాకా, అన్నవాహిక దాకా పొర మొత్తం అదే విషంలో నానుతుంది. కాబట్టి ఛాతీ స్కాన్‌లో మనం వెతికేవి రెండు: ఈ జబ్బు పాకిందా అన్నది ఒకటి, ఊపిరితిత్తుల్లో రెండో ప్రైమరీ విడిగా మొదలైందా అన్నది ఇంకోటి. మొదటిదాన్ని ఎన్ స్టేజి చెబుతుంది. రెండోదాన్ని చెప్పేవి వయసు, పొగ చరిత్ర. 60 ఏళ్ల బీడీ మనిషికి టీ1 గ్లాటిక్ అయినా సీటీ రాయడం తప్పేం కాదు.

ఎక్స్‌రే గురించి కూడా ఒక మాట. 1 సెం.మీ. లోపు నాడ్యూల్‌ని అది తేలిగ్గా వదిలేస్తుంది. సైజు ఉన్నా కాలర్ బోన్, మొదటి పక్కటెముక కలిసే చోట, గుండె నీడ వెనక, హైలమ్ (ఊపిరితిత్తిలోకి నాళాలు దిగే చోటు) మీద, డయాఫ్రమ్ గోపురం వెనక ఉంటే దొరకదు. పడుకోబెట్టి ఏపీ (ముందు నుంచి) తీసిన ఎక్స్‌రేని స్టేజింగ్‌కి లెక్కలోకే తీసుకోకండి. ఎక్స్‌రే నార్మల్ అంటే పెద్ద జబ్బు లేదని మాత్రమే.

గళం_సర్జన్
@స్లైస్_1మిమీ బీడీ వాదన ఒప్పుకుంటున్నా. ఉత్తరాంధ్ర నుంచి అడ్డపొగ చుట్ట తాగే ఆడవాళ్లు అంగిలి క్యాన్సర్‌తో వస్తుంటారు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి పీల్చిన పొగ అది. వాళ్లనీ పొగ లెక్కలోనే వేయాలి. కేస్ షీట్‌లో మాత్రం చాలాసార్లు 'ఆడ, పొగ అలవాటు లేదు' అనే ఉంటుంది. చుట్టనా, బీడీనా అని విడిగా అడగకపోతే బయటికి రాదు.

సీటీ_కన్సోల్
డాక్టర్లు రిక్వెస్ట్ మీద ఉత్త 'సీటీ ఛాతీ' అని రాస్తే మెషిన్ మీద ఏం జరుగుతుందో టెక్నీషియన్ వైపు నుంచి చెబుతా సార్.

ముందు స్లైస్ మందం. నాడ్యూల్ వెతకాలంటే 1 నుంచి 1.25 మి.మీ. రీకన్‌స్ట్రక్షన్ కావాలి. 5 మి.మీ.లో 4 మి.మీ. నాడ్యూల్ చుట్టూ ఉన్న గాలితో కలిసి పలచబడి మాయమవుతుంది, లేదా రక్తనాళం ముక్కలా కనబడుతుంది. ఇప్పటి మల్టీస్లైస్ మెషిన్లన్నీ సన్నగానే తీస్తాయి. కానీ పేషెంట్‌కిచ్చే ఫిల్మ్ మీద, ఒక్కోసారి సీడీలో కూడా, మందపు స్లైసులే పెడతారు. రా డేటా కొన్నాళ్లకు చెరిగిపోతుంది, తర్వాత అడిగినా రాదు. అందుకే సన్న స్లైసులు కూడా సీడీలో వేయమని అదే రోజు అడగాలి.

రెండోది చేతులు. మెడ సీటీకి చేతులు కిందికి ఉండాలి, ఛాతీకి తల పైకి. ఒకే షాట్‌లో రెండూ లాగేద్దామని చేతులు కిందే ఉంచితే ఛాతీ మీద, చేతులు పైకి పెడితే భుజాల వల్ల కింది మెడ మీద గీతలు పడతాయి. సరైన పద్ధతి ఏంటంటే ముందు చేతులు కిందపెట్టి మెడ, వెంటనే చేతులు పైకి పెట్టించి ఛాతీ. కాంట్రాస్ట్ మాత్రం ఒక్కసారే, 80 నుంచి 100 మి.లీ., వెనకాలే సెలైన్ ఫ్లష్. కాన్యులా జబ్బు లేని వైపు చేతికి వేస్తే మేలు. గాఢమైన కాంట్రాస్ట్ సబ్‌క్లేవియన్ సిరలో నిలబడి చేసే చారలు జబ్బున్న వైపు నాలుగో లెవెల్ మీద పడవు.

మూడోది ఊపిరి. మెషిన్‌లో రికార్డ్ చేసిన గొంతు ఇంగ్లీషులో 'బ్రీత్ ఇన్' అంటే పాలమూరు నుంచి వచ్చిన తాతకు ఏం అర్థమవుతుంది? బల్ల మీదే ఒకసారి ప్రాక్టీస్ చేయించాలి. 'గట్టిగా పీల్చి బిగబట్టు', ఉర్దూ వాళ్లకైతే 'సాన్స్ రోకో'. సిస్‌ప్లాటిన్ (కీమో మందు) పడి చెవులు మందగించిన వాళ్లకు చెయ్యి పైకెత్తితే బిగబట్టాలని సైగ ముందే చెప్పి ఉంచాలి. ఊపిరి కదిలిందంటే మొదట చెడేది డయాఫ్రమ్ పక్కన కింది లోబ్‌లు. మెటాస్టాసిస్ (పాకి వచ్చిన జబ్బు) ఎక్కువగా ఉండేదీ అక్కడే.

ఇక స్ట్రైడార్ (శ్వాస ఇరుకై పీల్చేటప్పుడు వచ్చే శబ్దం) ఉన్న స్వరపేటిక పేషెంట్. వెల్లకిలా పడుకోలేనివాణ్ని సీటీ గదికి పంపకండి సార్. ముందు ఈఎన్‌టీ వాళ్లు ఎయిర్‌వే చూడాలి. ట్రేకియాస్టమీ (శ్వాస కోసం మెడలో పెట్టిన రంధ్రం) ఉంటే బల్ల ఎక్కించే ముందు సక్షన్ చేసి పంపండి, లేకపోతే సరిగ్గా స్కాన్ మధ్యలోనే దగ్గు.

ఈఎన్‌టీ_పీజీ
కన్సోల్ అన్నా, ఇంత వివరం మాకు ఎక్కడా చెప్పరు. థ్యాంక్స్. నాడ్యూల్స్‌కి అసలు కాంట్రాస్ట్ కావాలా? సిస్‌ప్లాటిన్ ప్లాన్‌లో ఉన్నవాళ్లకు కిడ్నీ భయం.

స్లైస్_1మిమీ
నాడ్యూల్‌కి అక్కర్లేదు. చుట్టూ గాలి ఉంటుంది, తెల్లగా దానంతట అదే కనబడుతుంది. కాంట్రాస్ట్ కావలసింది మీడియాస్టినమ్ (రెండు ఊపిరితిత్తుల మధ్య చోటు) నోడ్స్‌కి, హైలమ్‌కి. మెడకి ఎలాగూ ఇస్తున్నప్పుడు అదే డోసులో ఛాతీ కూడా లాగేస్తే సరిపోతుంది. ఫాలో-అప్ సీటీలైతే చాలావరకు ప్లెయిన్ చాలు.

క్రియాటినిన్ ఒక్కటి కాదు, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడకట్టే వేగం) లెక్క వేయించండి. 45 కిలోల మనిషికి క్రియాటినిన్ 1.2 అంటే పైకి నార్మల్‌లా ఉంటుంది, లెక్క కడితే కిడ్నీ పని తగ్గి ఉండొచ్చు. ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉంటే కాంట్రాస్ట్ ముందు ఆలోచించాలి. సిస్‌ప్లాటిన్‌కి ముందు రోజో, అదే రోజో కాంట్రాస్ట్ పడకుండా చూసుకోండి, మధ్యలో నీళ్లు బాగా పట్టించి క్రియాటినిన్ మళ్లీ చూడండి. నోరు తెరవలేక, మింగలేక వచ్చే వీళ్లు సగంమంది ముందే ఎండిపోయి ఉంటారు.

రేడియేషన్ డోస్ భయం ఉన్నవాళ్లకు: పీఏ ఎక్స్‌రే 0.02 మిల్లీసీవర్ట్ చుట్టూ, లో-డోస్ సీటీ 1 నుంచి 1.5, మామూలు ఛాతీ సీటీ 5 నుంచి 7. ట్రీట్‌మెంట్‌గా మెడకే 60, 70 గ్రే రేడియేషన్ ఇవ్వబోతున్న మనిషికి ఒక సీటీ డోస్ గురించి తర్జనభర్జన అనవసరం. ప్రతి మూడు నెలలకీ మొక్కుబడిగా రాసే సీటీల గురించైతే ఆ చర్చ ఉండాల్సిందే.

ఇక 4 మి.మీ. సంగతి. సర్జరీ ఆపొద్దు. మచ్చ ఎట్లాంటిదో చూడాలి. ఫిషర్‌ని (లోబ్‌ల మధ్య గీతని) ఆనుకుని త్రికోణంగా, చదునుగా ఉంటే అది ఊపిరితిత్తుల లోపలి లింఫ్ నోడ్, వదిలేయొచ్చు. మధ్యలోనో, పొరలుపొరలుగానో, మొత్తంగానో కాల్షియం పట్టి ఉంటే పాత గ్రాన్యులోమా (మానిన ఇన్ఫెక్షన్ మచ్చ). గుండ్రంగా, నున్నగా, అంచుల దగ్గర, కింది లోబ్‌లో, ఒకటికి మించి ఉంటే మెటాస్టాసిస్ వైపు అనుమానం. స్క్వామస్ (నోరు, గొంతు పొరలో పుట్టే రకం) మెటాస్టాసిస్ లోపల గుల్లబారుతుంది కూడా, కాబట్టి కేవిటీ కనబడగానే టీబీ అనేయకూడదు. ఒక్కటే ఉండి, ముళ్లుముళ్లుగా అంచులుండి, పై లోబ్‌లో, ఎంఫసీమా (పొగకు గాలి గదులు చెడిన చోటు) మధ్య ఉంటే ఊపిరితిత్తుల సొంత క్యాన్సర్ అనుకుని నడవాలి.

రిపోర్ట్ కింద 'ఫ్లైష్నర్ ప్రకారం ఫాలో-అప్' అని వస్తే అక్కడే ఆగండి. యాదృచ్ఛికంగా కనబడ్డ నాడ్యూల్స్ కోసం రాసిన 2017 ఫ్లైష్నర్ మార్గదర్శకాలు ఇప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్లకు వర్తించవు, ఆ పత్రంలోనే అట్లా రాసి ఉంది. 35 ఏళ్ల లోపువాళ్లకూ, ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకూ కూడా వర్తించవు. రిక్వెస్ట్ మీద క్యాన్సర్ అని రాయకపోతే రేడియాలజిస్ట్ పాపం మామూలు మనిషి అనుకుని ఆ వాక్యం పెట్టేస్తాడు. మన పేషెంట్‌లో తేల్చలేని చిన్న నాడ్యూల్‌కి చేయాల్సింది, అసలు ట్రీట్‌మెంట్ అనుకున్న రోజునే మొదలుపెట్టి, దాదాపు మూడు నెలలకు అదే సెంటర్‌లో, అదే మందంలో సీటీ తీసి పాతదాని పక్కన పెట్టి చూడటం. వ్యాసం 26 శాతం పెరిగితే ఘనపరిమాణం రెట్టింపైనట్టు. 4 మి.మీ.ది 5 అయితే కంటికి ఏమీ అనిపించదు, లెక్కలో అది దాదాపు రెట్టింపు. కానీ 1 మి.మీ. తేడా కొలతల పొరపాటు కూడా కావచ్చు. అందుకే అదే సెంటర్, అదే మందం అన్నది.

ఎర్రగడ్డ_పల్మో
బయటి దేశాల పత్రాలు చదివి ఇక్కడ స్కాన్ చూసేటప్పుడు మర్చిపోయేది టీబీని. పై లోబ్ ఎపికల్, పోస్టీరియర్ సెగ్మెంట్లు, కింది లోబ్ సుపీరియర్ సెగ్మెంట్. ఈ మూడు చోట్ల మచ్చ, పక్కన పిల్ల మచ్చలు, మొగ్గ తొడిగిన కొమ్మలా చిన్న శ్వాసనాళాల చివర్ల బొడిపెలు (రిపోర్ట్‌లో 'ట్రీ ఇన్ బడ్' అని వస్తుంది) ఉంటే అది ఇన్ఫెక్షన్ గుర్తు. మెటాస్టాసిస్ సాధారణంగా అట్లా కనబడదు.

కఫం పొద్దున్నే తీసి సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ (టీబీ జన్యు పరీక్షలు) పంపండి. పరీక్ష మొదలైన రెండు గంటల్లో ఫలితం తేలుతుంది, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి జబ్బు లొంగుతుందా అన్నదీ తెలుస్తుంది. కఫం రానివాళ్లకు 3 శాతం సెలైన్ నెబ్యులైజ్ చేసి తీయొచ్చు. స్వరపేటిక గడ్డతో శ్వాస ఇరుకైన పేషెంట్‌కి మాత్రం వద్దు, హైపర్‌టానిక్ సెలైన్‌తో శ్వాసనాళాలు ఇంకా బిగుసుకుంటాయి. ట్రేకియాస్టమీ ఉంటే పని తేలిక, సక్షన్ ట్రాప్‌లో వచ్చిందే పంపండి.

టీబీ తేలితే నిక్షయ్‌లో (ప్రభుత్వ టీబీ పోర్టల్) నోటిఫై చేయాలి, మందులు ఉచితం. టీబీ ఉంది కదా, ఆరు నెలలయ్యాక రండి అని క్యాన్సర్ పేషెంట్‌ని వెనక్కి పంపడం మాత్రం ఘోరం. మందులు మొదలుపెట్టి, మేమూ మీరూ మాట్లాడుకుని తేదీ పెట్టుకోవాలి. ఇంకొకటి. టీబీ దొరికిందని క్యాన్సర్ పాకలేదని కాదు. రెండూ ఒకే ఛాతీలో ఉండొచ్చు. మందులు పడ్డాక పై లోబ్ మచ్చలు తగ్గి, కింది లోబ్‌లో గుండ్రటిది ఒక్కటి పెరిగితే దాన్ని వేరే జబ్బుగానే చూడాలి.

కీమో_డేకేర్
పల్మో సర్ చెప్పినదానికి మందుల వైపు నుంచి. సిస్‌ప్లాటిన్ ఇచ్చేవాళ్లకు స్ట్రెప్టోమైసిన్ లాంటి ఇంజెక్షన్లు జత చేయకండి, రెండూ చెవినీ కిడ్నీనీ ఒకేసారి కొడతాయి. రిఫాంపిసిన్ లివర్ ఎంజైముల్ని లేపుతుంది, ఎర్లోటినిబ్ మోతాదు రక్తంలో పడిపోతుంది, డెక్సామెథసోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా తగ్గుతాయి. ఓరల్ మెట్రోనామిక్‌లో (రోజూ చిన్న మోతాదులో మింగే క్యాన్సర్ మాత్రలు) ఎర్లోటినిబ్ ఉన్నవాళ్లకు ఇది గుర్తుపెట్టుకోవాలి. మెథోట్రెక్సేట్, టీబీ మందులు రెండూ లివర్ మీదే పడతాయి, కాబట్టి ఎల్ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) మామూలు కన్నా దగ్గరదగ్గరగా.

ఇమ్యునోథెరపీ మీద ఉన్నవాళ్లకు కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే సీటీ వెంటనే చేయించండి, ఎక్స్‌రేతో సరిపెట్టొద్దు. రెండు వైపులా గ్రౌండ్‌గ్లాస్ (గరుకు గాజులాంటి మసక) కనబడితే అది మందు తెచ్చిన న్యుమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) కావచ్చు. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష పంపేయండి, ఫలితం కోసం మాత్రం సీరియస్ పేషెంట్‌లో స్టెరాయిడ్ ఆపొద్దు.

అణు_పెట్
పెట్ గురించి ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేనే. పెట్ బలం ఊపిరితిత్తుల నాడ్యూల్ కాదు. ఎముక, కాలేయం, మీడియాస్టినమ్ నోడ్, మెడలో నోడ్ ఉండి ప్రైమరీ దొరకని కేసు, రేడియేషన్ అయిన మెడ, ఇవీ పెట్ పనులు. ఛాతీలో దానికి రెండు బలహీనతలు. 8 మి.మీ. లోపు నాడ్యూల్‌లో క్యాన్సర్ ఉన్నా వెలగకపోవచ్చు. పెట్‌తో పాటు తీసే సీటీ మామూలుగా ఊపిరి ఆడుతుండగా తీసేది కాబట్టి డయాఫ్రమ్ పక్కన చిన్నవి జారిపోతాయి. పెట్‌కి పంపితే 'ఊపిరి బిగబట్టి ఛాతీ సన్న స్లైస్ సీటీ కూడా' అని రిక్వెస్ట్‌లో కలపండి. అదే బల్ల మీద ఇంకో పది సెకన్ల పని, వేరే రోజు వేరే సీటీ తప్పుతుంది.

టీబీ నోడ్, సార్కాయిడ్, ఆస్పిరేషన్ న్యుమోనియా అన్నీ వెలుగుతాయి. ఎస్‌యూవీ (పెట్‌లో వెలుగు కొలత) 2.5 దాటితే క్యాన్సర్ అన్న పాత లెక్క మన ఊళ్లో నిలవదు. హైలమ్ నోడ్స్ రెండు వైపులా సమానంగా వెలుగుతుంటే ముందు ఇన్ఫెక్షన్, గ్రాన్యులోమా అనుకోండి. దాని మీద ఎం1 రాసి మనిషిని పాలియేటివ్‌కి తోసేయకండి, ఈబస్‌తో (శ్వాసనాళంలోంచి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ) ముక్క తీయించండి.

తయారీ: 6 గంటలు ఏమీ తినకుండా, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ 200 లోపు. ఎఫ్‌డీజీ (పెట్ కోసం ఎక్కించే రేడియోధార్మిక చక్కెర) ఇచ్చాక గంటసేపు మాట్లాడకుండా, నమలకుండా పడుకోవాలి. మాట్లాడితే స్వరతంత్రులు, నమిలితే దవడ కండరాలు వెలుగుతాయి, తల మెడ పేషెంట్‌లో సరిగ్గా అక్కడే మన చూపు. వెయిటింగ్‌లో కూర్చుని వక్కపొడి నమిలే పెద్దాయనకు ఇది విడమరిచి చెప్పాలి. ఫీడింగ్ ట్యూబ్ ఉన్నవాళ్ల అటెండెంట్లు 'తినొద్దన్నారు, పోయొద్దనలేదు కదా' అని పొద్దున్నే రాగిజావ పోసేస్తారు. ట్యూబులో పోసినా తిన్నట్టే అని చెప్పి పంపండి.

ఈఎన్‌టీ_పీజీ
పెట్-నెక్ ట్రయల్ వచ్చాక ట్రీట్‌మెంట్ తర్వాత అందరికీ పెట్ అని రూల్ అయింది కదా సర్? దాంతో ఛాతీ కూడా కవర్ అయిపోతుంది.

లీనాక్
ఆ ట్రయల్ అడిగిన ప్రశ్న వేరు. 2016లో వచ్చింది, 564 మంది, ఎక్కువమంది ఓరోఫారింక్స్ (నోటి వెనక గొంతు, టాన్సిల్ భాగం). నోడ్స్ పెద్దవిగా ఉండి కీమోరేడియేషన్ అయినవాళ్లకు, 12 వారాలకు పెట్-సీటీ చూసి అవసరమైతేనే మెడ ఆపరేషన్ చేయొచ్చా, లేక పెట్ చూడకుండానే అందరికీ చేసేయాలా అని. పెట్ దారిలో మనుగడ తగ్గలేదు, చాలా ఆపరేషన్లు తప్పాయి. ఊపిరితిత్తుల నాడ్యూల్ గురించి అది ఏమీ చెప్పలేదు. పైగా మన దగ్గర ఎక్కువ గింజివో-బుక్కల్ (చిగురు, బుగ్గ) జబ్బు, ముందు సర్జరీ, తర్వాత రేడియేషన్. ఆ ట్రయల్‌ని వీళ్లకు అట్లాగే అంటించలేం. 12 వారాల లెక్క మాత్రం నిజం. అంతకు ముందే తీస్తే రేడియేషన్ వాపే వెలుగుతుంది.

రేడియేషన్ వైపు నుంచి ఇంకో ముక్క. కింది మెడకు ఫీల్డ్ ఇచ్చినప్పుడు ఊపిరితిత్తుల పై కొనలు కూడా అందులోకి వస్తాయి. నెల నుంచి మూడు నెలల మధ్య అక్కడ మసక, ఏడాదికల్లా గట్టిపడిన మచ్చ. దాని అంచు సెగ్మెంట్ల గీతని పట్టించుకోదు, ఫీల్డ్ అంచున తిన్నగా కోసినట్టు ఆగుతుంది. పై లోబ్ కొన కాబట్టి సగం రిపోర్టుల్లో టీబీ అని వస్తుంది, మిగతా సగంలో మెటాస్టాసిస్ అనుమానం. ప్లాన్ ప్రింట్ పక్కన పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. రేడియేషన్ డిశ్చార్జ్ సమ్మరీలో సూప్రాక్లేవిక్యులర్ ఫీల్డ్ డోస్, తేదీలు ఉంటాయి, స్కాన్‌కి పంపేటప్పుడు అది జతచేయండి.

సర్జరీ తర్వాత రేడియేషన్ 6 వారాల్లో మొదలవ్వాలి. నాడ్యూల్ తేల్చుకుందామని పెట్, బయాప్సీ, మళ్లీ పెట్ అని తిప్పి ఈ 6 వారాలు దాటించేస్తే, లేని మెటాస్టాసిస్ కోసం ఉన్న జబ్బుని వదిలేసినట్టే.

కీమో_డేకేర్
ఫాలో-అప్ సీటీ ఎంతకొకసారి అన్నదాని మీద మనలో మనకే కుదరదు, కాబట్టి నా మాట. లక్షణాలు లేని, మొదట్లో తక్కువ రిస్క్ ఉన్న పేషెంట్‌కి మూడు నెలలకో సీటీ వల్ల బతుకు పెరిగిందన్న గట్టి సాక్ష్యం లేదు. మొదటి రెండు మూడేళ్లు నోరు, మెడ చేత్తో చూడటం, బరువు చూడటం, మెడకు రేడియేషన్ అయితే 6 నుంచి 12 నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). ఛాతీకి ప్రతిసారీ ఏదో ఒకటి తీయడం కన్నా ఇవి ముఖ్యం.

స్లైస్_1మిమీ
పొగ వాళ్లకు మాత్రం ఏటా లో-డోస్ సీటీ మీద నాకు మొగ్గు ఉంది మేడమ్. 2011లో వచ్చిన అమెరికా స్క్రీనింగ్ ట్రయల్ ఎన్ఎల్ఎస్‌టీలో 53 వేలకు పైగా మందిలో, ఎక్స్‌రేతో పోలిస్తే లో-డోస్ సీటీ ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల్ని 20 శాతం తగ్గించింది. అమెరికా టాస్క్‌ఫోర్స్ 2021లో 50 నుంచి 80 ఏళ్లు, 20 ప్యాక్-ఇయర్లు (రోజుకో సిగరెట్ పెట్టె చొప్పున ఏడాది తాగితే ఒకటి) అని గీత గీసింది. మన పేషెంట్లకు రిస్క్ అంతకన్నా ఎక్కువే.

కీమో_డేకేర్
ఎన్ఎల్ఎస్‌టీ మనుషులు 55 నుంచి 74 ఏళ్లు, 30 ప్యాక్-ఇయర్ల సిగరెట్లు. పాత టీబీ మచ్చలు ఇంటింటికీ ఉన్న చోట అదే వల వేస్తే ఎన్ని ఉత్తుత్తి అలారాలు మోగుతాయో పల్మో సర్‌నే అడగండి. పైగా ఏదైనా దొరికితే లోబెక్టమీకి (లోబ్ తీసే ఆపరేషన్) గానీ ఎస్‌బీఆర్‌టీకి (గురిపెట్టి ఇచ్చే గట్టి రేడియేషన్) గానీ తట్టుకునే ఊపిరి ఉన్నవాళ్లకే దానివల్ల లాభం. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే మనిషికి ఏటా స్క్రీనింగ్ రాయడం ఎవరి కోసం?

ఎర్రగడ్డ_పల్మో
ఇద్దరూ కరెక్టే, పేషెంట్లు వేరు. నా లెక్క: వయసు 50 దాటి, గట్టి పొగ చరిత్ర ఉండి, ప్రైమరీ అదుపులో ఉండి, స్పైరోమెట్రీ (ఊపిరి బలం పరీక్ష) ఫర్వాలేదంటే ఏటా లో-డోస్. గుట్కా ఒక్కటే నమిలిన 38 ఏళ్ల మనిషికి వద్దు.

ఈఎన్‌టీ_పీజీ
నాడ్యూల్ పెరిగింది, 12 మి.మీ. అయింది అనుకుందాం. ఇప్పుడు?

స్లైస్_1మిమీ
ముక్క తీయాలి. సీటీ గైడెడ్ బయాప్సీ 8, 10 మి.మీ. దాటితే చేతికి అందుతుంది, అంచుకి దగ్గరుంటే ఇంకా తేలిక. ప్లేట్‌లెట్లు 50 వేలు దాటి ఉండాలి, ఐఎన్ఆర్ 1.5 లోపు, క్లోపిడోగ్రెల్ లాంటివి కార్డియాలజీని అడిగి 5 రోజుల ముందు ఆపాలి. కోయాక్సియల్ సూదితో, ఫిషర్ దాటకుండా, ప్లూరాని (ఊపిరితిత్తి పై పొరని) ఒక్కసారే గుచ్చేట్టు దారి ఎంచుకోవాలి. న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) మామూలుగా వచ్చే కాంప్లికేషనే, ఎంఫసీమా ఉంటే ఇంకా ఎక్కువ. అయ్యాక గుచ్చిన వైపు కిందికి పెట్టి పడుకోబెట్టి, కొన్ని గంటలకు ఎక్స్‌రే తీయాలి. చెస్ట్ ట్యూబ్ వేయగలిగే మనిషి, సామాను అందుబాటులో లేని చోట ఈ పని పెట్టుకోవద్దు.

కొంచెం ముక్క ఫార్మలిన్‌లో, కొంచెం సెలైన్‌లో సీబీనాట్‌కి. ఫార్మలిన్‌లో పడ్డ ముక్క టీబీ కల్చర్‌కి పనికిరాదు. ఒకసారి గుచ్చిన చోట మళ్లీ గుచ్చే పని పెట్టకండి.

గళం_సర్జన్
రిపోర్ట్ వచ్చాక అసలు తలనొప్పి మొదలవుతుంది. అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్), టీటీఎఫ్-1 (కణం ఎక్కడిదో చెప్పే గుర్తు) పాజిటివ్ అంటే ఊపిరితిత్తుల సొంత క్యాన్సర్, నోటి జబ్బుతో సంబంధం లేదు. స్క్వామస్, దాని గుర్తు పీ40 పాజిటివ్ వస్తే నోటిదా, ఊపిరితిత్తులదా అన్నది మైక్రోస్కోప్ కింద చాలాసార్లు తేలదు. ప్రైమరీ పీ16 (హెచ్‌పీవీ వైరస్ గుర్తు) పాజిటివ్ ఓరోఫారింక్స్ అయితే నాడ్యూల్‌లోనూ పీ16 వేయించండి, కొంత దారి చూపిస్తుంది. లేకపోతే ఎన్ని ఉన్నాయి, అంచులెట్లా ఉన్నాయి, మొదటి ట్రీట్‌మెంట్ అయి ఎంతకాలమైంది, మెడలో నోడ్స్ ఉండేవా అని ట్యూమర్ బోర్డ్‌లో కూర్చుని తేల్చాలి. ప్రైమరీ అదుపులో ఉండి ఒక్కటే నాడ్యూల్ అంటే ఏ పేరు పెట్టినా సర్జరీ గానీ ఎస్‌బీఆర్‌టీ గానీ చర్చకు రావాలి. ఎం1 అనగానే చేతులెత్తేయడం కాదు.

లీనాక్
స్క్వామస్ కానివాటికి ఈ లెక్కలేవీ వర్తించవు. లాలాజల గ్రంథిలో వచ్చే అడినాయిడ్ సిస్టిక్ క్యాన్సర్ నోడ్స్ లేకుండానే ఊపిరితిత్తులకు పాకుతుంది, అక్కడ ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. లక్షణాల్లేని నాడ్యూల్స్ చూసి కంగారుగా కీమో మొదలెట్టకండి, వేగం చూడండి. అయిదేళ్లయిందని ఫాలో-అప్ ఆపొద్దు. థైరాయిడ్ అనుమానమైతే అయోడిన్ కాంట్రాస్ట్ ఇచ్చే ముందు న్యూక్లియర్ వాళ్లతో మాట్లాడండి, రేడియోఅయోడిన్ ఒకటి రెండు నెలలు వెనక్కి పోతుంది.

వార్డ్_సిస్టర్
సర్, అంతా స్టేజింగే మాట్లాడుతున్నారు. వార్డులో ఛాతీ ఎక్స్‌రే మేం ఎక్కువగా వాడేది రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపుకి వేసే ఫీడింగ్ ట్యూబు) కోసం. మింగలేని, మెడ ఆపరేషన్ అయిన, గొంతులో స్పర్శ పోయిన పేషెంట్‌కి ట్యూబు ఊపిరితిత్తిలోకి పోయినా దగ్గు రాకపోవచ్చు. గాలి కొట్టి స్టెత్ పెట్టి వినడం నమ్మొద్దు. ట్యూబులోంచి లాగిన ద్రవం పీహెచ్ 5.5 లోపు ఉంటే సరే. పాంటాప్రజోల్ (కడుపులో యాసిడ్ తగ్గించే మందు) మీద ఉన్నవాళ్లకు పీహెచ్ పెరుగుతుంది, అప్పుడు ఎక్స్‌రే తప్పదు. ఫిల్మ్‌లో ట్యూబు నిట్టనిలువుగా మధ్యలో దిగి, కెరీనా (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) దగ్గర పక్కకి తిరగకుండా దాన్ని రెండుగా కోసినట్టు దాటి, డయాఫ్రమ్ కింద ఎడమ పక్కకి పోవాలి. చివర కనబడకపోతే ఫీడ్ మొదలుపెట్టం, పీజీ డాక్టర్ ఎంత తొందరపెట్టినా.

స్లైస్_1మిమీ
సిస్టర్‌కి నా ఓటు. అదే ఫిల్మ్‌లో కింది లోబ్‌లు, ముఖ్యంగా కుడివైపు, కూడా ఓసారి చూడండి. మింగుడు సరిగ్గా లేనివాళ్లకు నిశ్శబ్దంగా ఆస్పిరేషన్ (మింగింది ఊపిరితిత్తుల్లోకి పోవడం) అవుతుంటుంది. రెండు వారాల తర్వాత తీసిన స్టేజింగ్ సీటీలో కనబడే కొత్త మచ్చల్లో కొన్ని అవే. యాంటీబయాటిక్ ఇచ్చి 6 వారాలకు తిరిగి తీస్తే కరిగిపోతాయి. మెటాస్టాసిస్ కరగదు.

ఈఎన్‌టీ_పీజీ
చివరగా, రిక్వెస్ట్ ఫారం మీద ఏం రాయాలో ఎవరైనా ఒక నమూనా పెట్టండి సర్. ఇంటర్న్‌లకు అతికిస్తా.

స్లైస్_1మిమీ
ఇట్లా రాయండి: 'ఎడమ బుక్కల్ మ్యూకోసా స్క్వామస్ కార్సినోమా, టీ3 ఎన్2బీ, ఇంకా ట్రీట్‌మెంట్ మొదలుకాలేదు. బీడీ 30 ఏళ్లు. పాత టీబీ ఉంది, పదేళ్ల కిందట మందులు వాడాడు. ఈజీఎఫ్ఆర్ 72. మెడ, ఛాతీ కాంట్రాస్ట్ సీటీ, ఒకే ఇంజెక్షన్, మెడకి చేతులు కింద, ఛాతీకి పైన. ఛాతీ 1 మి.మీ., ఊపిరి బిగబట్టి. ప్రశ్న: మెటాస్టాసిస్, రెండో ప్రైమరీ, చురుకైన టీబీ. పాత సీటీ సీడీ జత.' ట్రేకియాస్టమీ, చెవుడు, పడుకోలేకపోవడం ఉంటే పైన ఎర్ర పెన్నుతో.

సీటీ_కన్సోల్
ఎడమవైపు జబ్బని రాశారు కాబట్టి కాన్యులా కుడిచేతికి వేయించి పంపండి సార్. వార్డులో వేసిన 22 గేజ్‌తో కాంట్రాస్ట్ ప్రెషర్‌కి సిర పగులుతుంది, 20 కన్నా సన్నది వద్దు. సీడీ గురించి అటెండెంట్‌కే చెప్పండి. ఫిల్మ్ కవర్ భద్రంగా దాచుకుంటారు, సీడీ మాత్రం ఊళ్లో పిల్లల చేతికి పోతుంది.